వెనుక చూపు: పందెపు కారుకు కెమెరా, తెర అమర్చే పద్ధతి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణానికీ విందు భోజనానికీ నడుమ నాకు అరగంట వ్యవధి ఇచ్చారు. ఆదాయ వ్యయాలూ రాజపూజ్య అవమానాలూ శాస్త్రిగారు ఇప్పుడే సెలవిచ్చారు. ముందు రాబోయే దానిని గురించి వారు చెప్పారు గనుక, వెనుక నుంచి వచ్చే దానిని గురించి నేను చెబుతాను. కార్యదర్శిగారు నాతో, "ఏదైనా సాంకేతిక విషయం మాట్లాడండి, కాని ఆడవాళ్ళకూ అర్థమయ్యేట్టుగా ఉండాలి సుమా" అన్నారు. ఆ షరతులో రెండో సగం అనవసరం. మా వీధిలో ఇన్వర్టరు చెడిపోతే మూత విప్పి చూసేది ఆడవాళ్ళే.

కోయంబత్తూరు తెలుగువారికి యంత్రం కొత్త కాదు. తరతరాల కిందట ఇక్కడికి వచ్చి నల్లరేగడి భూముల్లో ప్రత్తి పండించిన కుటుంబాల వారే తరువాత మిల్లులు పెట్టారు, పంపులు పోత పోశారు. జి.డి. నాయుడుగారి పేరు ఈ ఊళ్ళో చిన్నపిల్లల నడిగినా చెబుతారు. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్‌గారు మారుతి 800 ఇంజనుతో ఒక్క మనిషి కూర్చునే పందెపు బండ్లు తయారుచేయించి, 1988లో ఫార్ములా మారుతి పందేలకు ప్రాణం పోశారు. 1995లో విమాన ప్రమాదంలో ఆయన పోయారు. చెట్టిపాళయంలో 2003లో తెరిచిన పందెపు బాటకు ఆయన పేరే పెట్టారు. చుట్టు తిరిగితే 2.1 కిలోమీటర్లు. ఈ ఊరి నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పందెంలో పాల్గొన్న మొదటి భారతీయుడయ్యాడు.

ఈ పేర్లు చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం నా ఉద్దేశం కాదు. మన ఇళ్ళలో కుర్రవాళ్ళు పందేల మోజులో పడటం ఇక్కడ అరుదు కాదు, వద్దంటే మానుకునే వాళ్ళూ తక్కువ. అలాంటి కుర్రవాడు మా ఇంట్లోనూ ఒకడున్నాడు. మా చెల్లెలి కొడుకు. వాడి బండి ఖరీదైనదేమీ కాదు. 2007తో తయారీ ఆగిపోయిన మారుతి ఎస్టీమ్. ముందు ఒక్క సీటు మిగిల్చి తక్కినవన్నీ పీకివేశాడు. లోపల ఉక్కు గొట్టాలతో పంజరం కట్టించాడు. శని ఆదివారాలలో బాట అద్దెకిచ్చే రోజున చెట్టిపాళయం తీసుకువెళ్ళి తిప్పుతాడు, అప్పుడప్పుడు పందేలకు పేరు ఇస్తాడు. ఆ కారుకు వెనుక కెమెరా, ముందు తెర బిగించిన పని గురించే ఈనాటి నా మాట.

రోడ్డు మీద తిరిగే కారులో వెనుక చూడటానికి మూడు అద్దాలున్నాయి. అవి చాలకపోతే మెడ తిప్పి చూస్తాం. పందెపు కారులో ఈ మెడ తిప్పడమనేది లేదు. నడిపేవాడిని ఆరు పట్టీలతో సీటుకు కట్టేస్తారు. సీటుకు తలకు రెండు వైపులా చెవులవంటి రెక్కలుంటాయి. తలకు హెల్మెట్టు, భుజాల మీద హాన్స్ అనే కాడి. ఆ కాడికీ హెల్మెట్టుకూ నడుమ చిన్న పట్టీలు ఉండి, బండి దేనికైనా గుద్దుకున్నప్పుడు తల ముందుకు విసిరివేయబడి మెడ విరగకుండా ఆపుతాయి. అమెరికాలో రాబర్ట్ హబ్బర్డ్ అనే ఆచార్యుడు 1980 దశకంలో కనిపెట్టినది. ఫార్ములా వన్‌లో 2003 నుంచి తప్పనిసరి చేశారు. దానివల్ల బ్రతికి బయటపడ్డవారు ఎందరో. కాని మెడను కాపాడే ఆ సాధనమే మెడను తిరగనివ్వదు. ఇక పంజరపు గొట్టాలు సరిగ్గా మధ్య అద్దంలో కనపడవలసిన చోటనే అడ్డం వస్తాయి. వెనుక గాజు తీసేసి బరువు తగ్గించడానికి ప్లాస్టిక్ పలక వేసి ఉంటే, నాలుగు నెలలకే అది గీతలు పడి, ఎండకు పొగచూరినట్టవుతుంది.

ఒకనాటి సాధనలో మావాడు కుడి మలుపు తీసుకోబోతూ లోపలి వైపుకు బండిని దించాడు. అప్పటికే ఆ జాగాలోకి వాడికంటె వేగమైన బండి ఒకటి వచ్చి ఉన్నది. వెనుక చక్రం పైనున్న రేకు అణిగింది, తలుపు సొట్టపోయింది, ఇద్దరికీ దెబ్బ తగలలేదు. నీలపు జెండా ఊపినమాట నిజమే; వేగమైన బండి వెనుక వస్తున్నది, దారి ఇవ్వు అని దాని అర్థం. కాని ఆ బండి ఏ పక్కన ఉన్నదో, ఎంత దగ్గర ఉన్నదో జెండా చెప్పదు గదా. "మామా, ఆయన ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో తెలియలేదు" అన్నాడు వాడు. మా చెల్లెలు ఆ సొట్టను చేత్తో తడిమి చూసి, పందెం మానమని వాడికి చెప్పలేదు. నా వైపు తిరిగి, "అన్నా, నీవు ముప్పై ఏళ్ళు కరెంటు పని చేసినవాడివి. వీడికి వెనక వచ్చేది కనపడేట్టు చెయ్యి" అన్నది. ఎదురు చెప్పడానికి నాకేమీ తోచలేదు.

ఈ చిక్కు కొత్తది కాదు. 1911 మే 30న అమెరికాలో ఇండియానాపొలిస్ 500 మైళ్ళ పందెం మొదటిసారి జరిగింది. ఆ రోజుల్లో ప్రతి కారులోనూ నడిపేవాడి పక్కన ఒక మెకానిక్ కూర్చుని వెనుక వచ్చే బండ్లను గురించి కేకవేసి చెప్పేవాడు. రే హారూన్ అనే ఆయన మాత్రం ఒక్కడే కూర్చునే బండి తెచ్చాడు. వెనుక చూసేవాడు లేడు, ప్రమాదం అని తక్కినవారు అభ్యంతరం చెప్పారు. అందుకని ఆయన కళ్ళ ముందు ఒక అద్దం బిగించుకున్నాడు. పందెం ఆయనే గెలిచాడు. సగటు వేగం గంటకు సుమారు 74.6 మైళ్ళు. చరిత్ర పుస్తకాలు అద్దాన్ని మెచ్చుకుంటాయి. కాని ఆ బాట ఇటుకలు పరిచినది. అద్దం అదిరిపోయి అందులో ఏమీ కనపడలేదని ఆయనే తరువాత చెప్పుకున్నాడు. అదురు అన్న ఈ మాట జ్ఞాపకముంచుకోండి, మళ్ళీ వస్తుంది.

నూరేళ్ళ తరువాత సంగతి చూడండి. ఫ్రాన్సులో లె మాన్ అనే చోట 24 గంటల పందెం జరుగుతుంది. అందులో మహావేగమైన బండ్లూ, వాటికంటె బాగా నెమ్మదైన బండ్లూ ఒకే బాట మీద రాత్రీ పగలూ కలిసి పరుగెత్తుతాయి. 2011లో ఆడీ వారి రెండు కార్లు, నెమ్మదైన తరగతి కార్లను దాటబోతూ వాటికి తగిలి, రెండూ ముక్కలు ముక్కలయ్యాయి. నడిపేవాళ్ళు బ్రతకడం అదృష్టం. 2012లో అదే ఆడీ వారు కారు కప్పు మీద ఒక చిన్న కెమెరా, లోపల అద్దం స్థానంలో ఒక తెర పెట్టారు. ఆ కారుకు వెనుక కిటికీయే లేదు. అద్దం పెట్టినా చూసేందుకు ఏమీ ఉండదు. 2013లో కార్వెట్ పందెపు జట్టు ఇంకొక మెట్టు ఎక్కింది. కెమెరాకు రాడారు జోడించి, వెనుక వచ్చే బండి ఎంత వేగంతో మీద పడుతున్నదో తెర మీద రంగు గుర్తులతో చూపించింది. అది కోట్ల వారి పని. మన పని కొన్ని వేల రూపాయలలో కావలసి ఉన్నది.

బజారులో దొరికే కెమెరాలలో నూటికి తొంభై వెనుకకు కారు తీసేటప్పుడు పనికివచ్చేవి. వాటిని గురించి ఇక్కడొక మాట చెప్పి ముందుకు పోతాను. అమెరికాలో 2002లో ఒక తండ్రి తన ఇంటి ముందు కారు వెనుకకు తీస్తూ, కనపడక తన రెండేళ్ళ కొడుకునే పోగొట్టుకున్నాడు. ఆయన పిల్లల వైద్యుడు. ఆ బిడ్డ కామెరాన్ పేరుమీద అక్కడ చట్టం వచ్చింది. 2018 మే నుంచి ఆ దేశంలో కొత్త కార్లన్నిటికీ వెనుక కెమెరా తప్పనిసరి. మన దేశంలో 2019 జూలై 1 నుంచి తయారయ్యే కార్లకు వెనుక అడ్డం ఉంటే కూత పెట్టే సాధనం తప్పనిసరి చేశారు. అంతకు ముందు కొన్న కార్లు ఈ సభలో చాలామందికి ఉన్నాయి. మనుమలు తిరిగే ఇళ్ళ వారు ఆ చిన్న ఖర్చుకు వెనకాడవద్దని నా విన్నపం.

ఇక అసలు పని. వెనుకకు తీసేటప్పుడు చూడవలసింది బండికి మూడు నాలుగు మీటర్లలో ఉన్న ముగ్గు, గడప, పిల్లవాడు. అందుకని ఆ కెమెరాలకు 170 డిగ్రీల వరకు విశాలమైన చూపు ఉన్న కటకం పెడతారు. పందెపు బాటలో చూడవలసింది పది నుంచి అరవై మీటర్లలో ఉన్న బండి. ఈ రెంటికీ ఒకే కటకం పనికిరాదు. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో మామూలు చదునైన అద్దం ఉన్నదనుకోండి. వెనుక 30 మీటర్లలో 1.7 మీటర్ల వెడల్పు గల కారు వస్తున్నది. అద్దంలో ఆ కారు బొమ్మ సుమారు 33 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. పెద్ద నేరేడు పండంత. అద్దం తీసి అదే చోట ఏడంగుళాల తెర పెట్టండి. తెర వెడల్పు సుమారు 155 మిల్లీమీటర్లు. దానికి 170 డిగ్రీల కెమెరా కలిపితే అదే కారు 3 మిల్లీమీటర్లు. ఆవగింజ కంటె కాస్త పెద్దది. 120 డిగ్రీలకు 4 మిల్లీమీటర్లు, పెసరగింజంత. 60 డిగ్రీలకు దిగితే సుమారు 8 మిల్లీమీటర్లు, సెనగగింజంత. అంటే ఉన్న వాటిలో మేలైన 60 డిగ్రీల కటకం కూడా 30 మీటర్లలోని కారును, అద్దంలో 120 మీటర్లలో ఉన్న కారంత చిన్నదిగా చూపిస్తుంది. అద్దానికి అలవాటుపడిన కన్ను, "ఇంకా చాలా దూరమున్నది లే" అనుకుంటుంది. కెమెరా పెట్టించుకున్న కొత్తలో ప్రమాదాలు తెచ్చిపెట్టేది ఈ నమ్మకమే.

60 కంటె ఇంకా తగ్గిస్తే బొమ్మ పెద్దదవుతుంది గాని పక్కలు కనపడవు. 60 డిగ్రీలకు పది మీటర్ల వెనుక పదకొండు మీటర్ల పైచిలుకు వెడల్పు కనపడుతుంది. మేము చివరకు 70 డిగ్రీల దగ్గరది ఎంచుకున్నాం. బండికి బాగా దగ్గరలో పక్కలనున్న జాగా పక్క అద్దాలు చూసుకుంటాయి. ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెబుతున్నాను: కెమెరా వచ్చిందని పక్క అద్దాలు పీకివేసే వాళ్ళున్నారు, బరువు తగ్గుతుందట, గాలి అడ్డు తగ్గుతుందట. ఆ రెండు అద్దాల బరువు ఎంత? ఉదయం టిఫిను మానేసినా అంత తగ్గుతుంది. మీరు పాల్గొనే పందెపు నియమావళిని ముందు చదవండి. రెండు వైపులా అద్దాలుండాలని చాలా నియమావళులు కోరతాయి. పరీక్షించే అధికారి కారును బాట దగ్గరే ఆపివేస్తే ఖర్చూ పోయె, పందెమూ పోయె.

కెమెరా కొనేటప్పుడు ఇంకొక సంగతి. అద్దంలో కుడి పక్క వచ్చే బండి కుడి పక్కనే కనపడుతుంది. కెమెరా ఉన్నది ఉన్నట్టు చూపితే అది ఎడమ పక్కకు మారిపోతుంది. అందుకని అద్దం మాదిరి తిప్పి చూపే కెమెరా కావాలి. కొన్నింటికి తోకలో ఒక చిన్న తీగ చుట్ట ఉంటుంది. దానిని కత్తిరిస్తే బొమ్మ తిరుగుతుంది. ఇంకొక చుట్ట కత్తిరిస్తే కారు నిలిపేందుకు వేసే రంగు గీతలు పోతాయి. ఏ చుట్ట దేనికో కాగితం చూసి కత్తిరించండి. బిగించిన తరువాత ఒక మనిషిని వెనుక కుడి పక్కన నిలబెట్టి తెరలో కుడి పక్కనే ఉన్నాడా అని చూడవలసిందే. నమ్మకం మీద వదిలే విషయం కాదు.

మూడోది ఆలస్యం. కెమెరా చూసినదానికీ తెర చూపేదానికీ నడుమ కొంత వ్యవధి ఉంటుంది. సెకనుకు 30 బొమ్మలు తీసే కెమెరాలో ఒక్క బొమ్మకే 33 మిల్లీసెకన్లు. లోపల లెక్కలు చేసే యంత్రం, తెర, అన్నీ కలిసి పదోవంతు సెకను కావడం సామాన్యం. వెనుక బండి మనకంటె గంటకు 40 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో వస్తుంటే, ఆ పదోవంతు సెకనులో 1.1 మీటర్లు దగ్గరకు వచ్చేసి ఉంటుంది. ఒక మీటరు పరవాలేదు. కాని గాలిలో బొమ్మ పంపే వైఫై కెమెరాలు అర సెకను, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ వెనుకబడతాయి. అవి పెళ్ళి ఊరేగింపు చూడటానికి బాగుంటాయి, పందెానికి వద్దు. తీగ ఉన్నదే కొనండి.

ఆలస్యం కొలవడానికి ప్రయోగశాల అక్కరలేదు. ఒక సెల్‌ఫోనులో స్టాప్‌వాచి నడిపిస్తూ కెమెరా ముందు పట్టుకోండి. ఆ ఫోనూ, తెరా రెండూ ఒకే ఫొటోలో పడేట్టు ఇంకొక ఫోనుతో ఫొటో తీయండి. ఫోను మీది అంకెకూ తెరలోని అంకెకూ తేడాయే ఆలస్యం. అయిదారు సార్లు తీసి సగటు చూసుకోవాలి.

కెమెరా ఎక్కడ పెట్టాలి? డిక్కీ మూత మీద పెడితే మూత వణుకుతుంది, కెమెరా వణుకుతుంది. బంపరు దగ్గర పెడితే దుమ్మూ, రబ్బరు ముక్కలూ, వానలో బురద నీళ్ళూ దాని మీదనే పడతాయి. కారు వెనుక గాలి సుడి తిరిగి మురికినంతా అక్కడికే లాక్కువస్తుంది. మేము కప్పు వెనుక అంచున, సరిగ్గా మధ్యలో పెట్టాం. ఎత్తు నుంచి చూస్తే వెనుక బండ్లు ఒకదాని వెనుక ఒకటి దాగకుండా, బాట మీద ఎవరెక్కడున్నారో పటంలా కనపడుతుంది. కప్పు రేకు పలచనిది గనుక లోపల ఒక పలక వేసి, బోల్టులు ఆ పలకకు బిగించి, నట్లకు వదులు కాకుండా లాకింగు రకం వాడాం. కెమెరా నీళ్ళకు తట్టుకునేదై ఉండాలి. ఐపి 67 అని దాని మీద వ్రాసి ఉంటుంది. సన్నని ఉక్కు తీగతో కెమెరాను పంజరానికి కట్టడం మరువవద్దు. ఊడితే వెనుకవాడి ముందు అద్దానికి తగిలేది అదే.

ఇప్పుడు ఆ అదురు. ఇంజను పాదులను గట్టి రబ్బరుతో మార్చి, స్ప్రింగులు బిగించిన బండిలో కెమెరా కూడా రే హారూన్ అద్దం లాగే అదురుతుంది. ఇప్పటి కెమెరాలు బొమ్మను పై నుంచి కిందికి వరుస వరుసగా చదువుతాయి. చదివే లోపల కెమెరా కదిలితే బొమ్మ జున్ను ముక్కలా ఊగుతుంది. మెత్తని రబ్బరు వేస్తే తగ్గుతుందనుకుంటారు. మెత్తని రబ్బరు మీద కెమెరా ఇంకా ఎక్కువ ఊగుతుంది. పలుచని గట్టి రబ్బరు బిళ్ళ ఒకటి, గట్టి బిగింపు ఒకటి. ఈ రెండూ కలిసి పనిచేశాయి.

కరెంటు సంగతి నా సొంత వృత్తి గనుక కొంచెం ఎక్కువ చెబితే మన్నించాలి. వెనుక తీసే కెమెరాకు కరెంటు రివర్సు దీపం నుంచి ఇస్తారు. పందెపు కారులో అది ఎప్పుడూ వెలిగి ఉండాలి గనుక, తాళం తిప్పగానే కరెంటు వచ్చే తీగ నుంచి ప్రత్యేకంగా తీసుకోవాలి. ఆ తీగ కట్-ఆఫ్ స్విచ్చి తరువాతి వైపు నుంచే రావాలి. కట్-ఆఫ్ స్విచ్చి అంటే ప్రమాదంలో బయటివాళ్ళు లాగి బండిలో కరెంటు అంతా ఆర్పివేసేది. దానిని దాటవేసి నేరుగా బాటరీ నుంచి తీగ లాగిన బండిని నేను చూశాను. పెట్రోలు కారుతున్న బండిలో ఆ ఒక్క తీగ చాలు. కెమెరా, తెర కలిసి ఒక ఆంపియరుకు లోపే లాగుతాయి. రెండు ఆంపియర్ల ఫ్యూజు, అదీ తీగ మొదట్లోనే పెట్టాలి. చివర పెట్టిన ఫ్యూజు తీగను కాపాడదు.

ఇంజను స్టార్టు చేసేటప్పుడు బాటరీ 12.6 వోల్టుల నుంచి 9 దాకా పడిపోతుంది, ఇంజను నడుస్తుంటే 14 దాటుతుంది. ఈ హెచ్చుతగ్గులకు చౌక తెరలు ఆరిపోయి మళ్ళీ వెలుగుతాయి. నడుమ ఒక చిన్న వోల్టేజి స్థిరపరిచే పెట్టె పెడితే ఆ బాధ పోతుంది. తెర మీద గీతలు కింది నుంచి పైకి పాకుతుంటే, ఇంజను వేగం పెంచగానే ఆ గీతలూ వేగంగా పాకుతుంటే, కెమెరా చెడిందనుకోకండి. కెమెరాకు ఒక చోట, తెరకు ఇంకొక చోట ఎర్త్ ఇచ్చి ఉంటారు. రెండింటి ఎర్త్ ఒక్క చోటికి తెస్తే చాలావరకు సర్దుకుంటుంది. బొమ్మ తెచ్చే తీగను ఇగ్నిషన్ కాయిలు, పెట్రోలు పంపు తీగల పక్కన పొడుగునా నడిపించవద్దు. దాటవలసి వస్తే అడ్డంగా దాటించండి. రేకుకు పెట్టిన ప్రతి రంధ్రానికీ రబ్బరు గుబ్బ వేయాలి. వేయకపోతే ఆరు నెలలలో ఆ రేకు అంచే తీగ చర్మం ఒలుస్తుంది.

తెర మధ్య అద్దం ఉండే చోటనే ఉండాలి. డాష్‌బోర్డు మీద, గేరు పక్కన, చేతికి అందుబాటులో అంటూ పెట్టేవాళ్ళున్నారు. గంటకు 144 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 40 మీటర్లు పోతాం. చూపు కిందికి దించి మళ్ళీ ఎత్తడానికి అర సెకను పట్టినా 20 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. గాజుకు పీల్చుకునే రబ్బరు కప్పుతో తెరను అంటించడం పనికిరాదు. మన ఎండకు గాజు కాలితే అది ఊడి ఒళ్ళో పడుతుంది. పంజరపు గొట్టానికి క్లాంపు వేసి బోల్టులతో బిగించాలి. ప్రమాదంలో తల ఊగినా హెల్మెట్టు దానికి తగలనంత దూరంలో ఉండాలి.

చూపు విషయంలో నలభై దాటినవారికి ఇంకొక ఇబ్బంది ఉన్నది. అద్దంలో చూస్తే కన్ను వెనుకనున్న బండి దూరానికే సర్దుకుంటుంది. బాట చూస్తున్న కన్ను మారనక్కరలేదు. తెరలో చూస్తే 60 సెంటీమీటర్ల దగ్గరి బొమ్మకు సర్దుకోవాలి. కుర్రవాళ్ళ కన్ను చటుక్కున సర్దుకుంటుంది. చత్వారం వచ్చినవారికి బొమ్మ మసకగానే ఉంటుంది. మావాడికి ఇరవై ఆరు. వాడి స్నేహితుడొకాయనకు యాభై రెండు. ఆయన తెర తీసివేసి విశాలమైన వంపు అద్దం పెట్టుకున్నాడు. అది సరియైన నిర్ణయమే.

మధ్యాహ్నపు ఎండలో మామూలు తెర నల్లగా కనపడుతుంది. 800 నిట్లకు పైబడిన వెలుతురు గల తెర, దాని మీద రేకుతో చిన్న చూరు, ఈ రెండూ కావాలి. పోలరాయిడ్ చలువ కళ్ళజోడు పెట్టుకుంటే కొన్ని తెరలు పూర్తిగా నల్లబడతాయి. కొనే ముందు ఆ కళ్ళజోడు పెట్టుకునే చూడండి. వెనుక వచ్చే కార్ల ఎల్‌ఇడి దీపాలు తెరలో మిణుకుమిణుకుమంటే, దారి అడుగుతున్నాడని పొరబడవద్దు. దీపం వెలిగి ఆరే వేగానికీ కెమెరా చూసే వేగానికీ పొత్తు కుదరక అలా కనపడుతుంది.

అన్నిటికంటె నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఒకటి ఉండేది. తెర ఆరిపోతే పరవాలేదు, ఆరిపోయిందని నడిపేవాడికి తెలుస్తుంది, పక్క అద్దాలు చూసుకుంటాడు. బొమ్మ కదలకుండా నిలిచిపోతే? ఖాళీ బాట బొమ్మ అలాగే నిలిచి ఉంటుంది. వెనుక బండి వచ్చినా ఖాళీ బాటే కనపడుతుంది. వెనుక ఎవరూ లేరని వాడు నిశ్చింతగా లోపలికి దిగుతాడు. ఇది లేని కెమెరా కంటె హీనం. మా చెల్లెలి ముఖం కళ్ళ ముందు పెట్టుకుని ఆలోచించాను. చివరకు చేసింది చాలా చిన్న పని. కెమెరాకు జానెడు దూరంలో, బొమ్మ పై మూలన కనపడేట్టు, ఎర్ర ఉన్ని దారపు ముక్క ఒకటి కప్పు అంచుకు అంటించాం. బండి కదిలితే గాలికి ఆ దారం కొట్టుకుంటుంది. తెరలో దారం ఆడుతున్నంత సేపు బొమ్మ ప్రాణంతో ఉన్నట్టు. దారం నిలిచిపోయిందా, ఆ తెరను నమ్మకూడదు. ఉన్ని దారం మా చెల్లెలి అల్లిక బుట్టలోదే.

బాట మీదికి వెళ్ళే ముందు ఖాళీ మైదానంలో కారు నిలిపి, వెనుక 10, 20, 30 మీటర్ల దగ్గర సుద్దతో గీతలు గీశాం. ప్రతి గీత మీదా ఇంకొక కారు నిలబెట్టి, తెరలో అది ఎంత పెద్దదిగా ఉన్నదో మావాడు సీటులో పట్టీలు బిగించుకుని చూసి మనసులో పెట్టుకున్నాడు. తరువాత ఆ కారును మెల్లగా వెనుక నుంచి పక్కకు నడిపించాం. తెరలో నుంచి మాయమైన క్షణానికీ పక్క అద్దంలో కనపడిన క్షణానికీ నడుమ ఖాళీ ఎంత ఉన్నదో చూడాలి. మొదట మొత్తం ఒక కారు ముక్కు దాగేంత ఖాళీ ఉండేది. ఎడమ అద్దాన్ని ఇంకాస్త బయటికి తిప్పితే ఆ ఖాళీ పోయింది. ఈ పరీక్షకు ఒక ఉదయం పట్టింది. బిగించడానికి రెండు రోజులు పట్టింది. కాని ఆ ఒక్క ఉదయం లేకపోతే ఆ రెండు రోజులకు విలువ లేదని నా నమ్మకం.

అప్పటి నుంచి వాడు మూడు పందేలలో పాల్గొన్నాడు. గెలవలేదు. ఒకసారి ఏడోవాడు, ఒకసారి తొమ్మిదోవాడు, ఒకసారి గేరు పెట్టె పోయి సగంలో నిలిచిపోయాడు. కాని వేగమైన బండ్లకు ఎప్పుడు దారి ఇవ్వాలో, ఏ పక్క ఇవ్వాలో తెలిసి ఇస్తున్నాడని, ఆనాడు తలుపు సొట్టపెట్టిన ఆయనే వచ్చి చెప్పాడు. కెమెరా ఎక్కడ కొన్నారని కూడా అడిగాడు.

ఆ కారు ఇవాళ సభామందిరం వెనుక వేపచెట్టు కింద నిలిపి ఉన్నది. భోజనాలైన తరువాత చూడదలచిన వారు చూడవచ్చు; తాళం మావాడి దగ్గర ఉన్నది, వాడు వడ్డనలో ఉన్నాడు. పిల్లలు లోపల కూర్చోవచ్చు గాని కప్పు మీది ఎర్ర దారాన్ని మాత్రం లాగవద్దని తల్లులు చెప్పి పంపండి.